థర్మామీటరు ఎన్ని చేతులు మారింది?

(నర్సుల దినం తర్వాతి ఆదివారం రేపల్లెలో నర్సింగ్ చదివే పిల్లలు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, వాళ్ళ తల్లిదండ్రులు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని పిలిచిన పిల్లలు ఒక కాగితం మీద ‘నర్సింగ్ వృత్తిలో విలువలు, నైతిక నిర్ణయాలు’ అని రాసిచ్చారు. దీని మీద మాట్లాడమన్నారు. వాళ్ళ పరీక్షలో ఇది పెద్ద ప్రశ్నంట. మేము బళ్ళో పాఠాలు చెప్పుకునేవాళ్ళం, సూది పట్టినవాళ్ళం కాదు. మరెందుకు వచ్చామంటే, ఈ సంగతి సూది వేసేవాళ్ళదే కాదు, వేయించుకునేవాళ్ళది కూడా. మన పేటల్లో ఈ రెండు రకాలవాళ్ళూ ఉన్నారు. ఒక్కోసారి ఒకే ఇంట్లో ఉన్నారు. తల్లి జనరల్ వార్డులో కింద చాప మీద పడుకుని ఉంటది, కూతురు ఇంకో ఊళ్ళో తెల్లబట్టలేసుకుని నైట్ డ్యూటీ చేస్తా ఉంటది.

పిల్లల పుస్తకం తిరగేసి చూశాం. రోగి ఇష్టాన్ని గౌరవించాలి, మేలు చేయాలి, కీడు చేయకూడదు, అందరికీ న్యాయంగా ఉండాలి అని నాలుగు సూత్రాలు ఉన్నాయి. నైటింగేల్ పేరు మీద ఒక ప్రమాణం ఉంది. దాన్ని ఆమె రాయలేదు, 1893లో అమెరికాలో డెట్రాయిట్ నగరంలో రాశారు. అంతర్జాతీయ నర్సుల మండలి 1953లో ఒక నియమావళి పెట్టింది, దాన్ని అప్పుడప్పుడూ సవరిస్తా వస్తంది. ఇవన్నీ మంచి మాటలే. బట్టీ పట్టండి, మార్కులొస్తాయి. దీపం పట్టుకుని ప్రమాణం చేసేటప్పుడు మీ అమ్మానాన్నల్ని తీసుకెళ్ళండి, ముందు వరసలో కూచోబెట్టండి.

ఆ పుస్తకంలో లేని కథొకటి ముందు చెప్పాలి.

బాబాసాహెబ్ అంబేడ్కర్ తన అనుభవాలు కొన్ని చిన్న పుస్తకంగా రాసుకున్నారు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ అని దాని పేరు. ఆయన పోయిన చాలా ఏళ్ళకి, 1990లో అచ్చయింది. అందులో తన అనుభవాలతో పాటు ఒక బడిపంతులు కథ పెట్టారు. ఆ పంతులు కాఠియావాడ్‌లో పనిచేసే అంటరాని కులం మనిషి. ఆయన రాసిన ఉత్తరం 1929 డిసెంబరులో గాంధీ గారి ‘యంగ్ ఇండియా’ పత్రికలో వచ్చింది. ఆయన భార్య ప్రసవించింది. రెండు రోజులకే జబ్బు చేసింది. విరేచనాలు, రొమ్ము వాచింది, ఊపిరాడటంలేదు. డాక్టర్ని పిలిస్తే నేను మీ వాడకి రాను, ఆమెను ముట్టుకోను అన్నాడు. ఊరి పెద్దల కాళ్ళావేళ్ళా పడి, రెండు రూపాయల ఫీజుకి వాళ్ళని పూచీ పెట్టి తీసుకొచ్చాడు. షరతేందంటే, బాలింతని వాడ బయటికి తెచ్చి చూపించాలి. రెండు రోజుల బాలింతని బయటికి మోసుకొచ్చారు. డాక్టరు థర్మామీటరు తీసి ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆ ముస్లిం పంతులు చేతికిచ్చాడు. పంతులు భార్యకి పెట్టాడు. మళ్ళీ అదే దారిలో థర్మామీటరు వెనక్కి పోయింది. రాత్రి ఎనిమిది గంటలప్పుడు దీపం వెలుగులో దూరం నించి చూసి, న్యుమోనియా అని చెప్పి, మందిచ్చి వెళ్ళిపోయాడు. మళ్ళీ రమ్మంటే రాలేదు. ఆమె చచ్చిపోయింది.

ఆ డాక్టరు మందివ్వకుండా పోలేదు. ఫీజు తీసుకున్నాడు, జ్వరం చూశాడు, జబ్బు పేరు చెప్పాడు. కాగితం మీద చూస్తే వైద్యం జరిగింది. జరగనిది ఒక్కటే, చెయ్యి వెయ్యడం. నాడి పట్టి, రొమ్ము మీద గొట్టం పెట్టి, ఒళ్ళు తిప్పి చూడకుండా న్యుమోనియాకి వైద్యమేంది? మీ పుస్తకంలో ఉన్న నాలుగు సూత్రాలూ ఆ ఒక్క చెయ్యి దగ్గర ఆగిపోయినయ్యి.

ఇప్పుడు మన వైపుకి రండి. మా నాయనమ్మ మంత్రసాని. తెనాలి, వేమూరు, రేపల్లె వైపు ఊళ్ళల్లో పెద్దవాళ్ళని అడగండి, పురుడు పోసింది ఎవరని. చాకలామె, మంగలామె, మాలామె, మాదిగామె అని చెప్తారు. పెద్దిళ్ళల్లో నొప్పులొస్తే అర్ధరాత్రి లాంతరు పట్టుకుని మనిషొచ్చేవాడు. మా నాయనమ్మ వెళ్ళి బిడ్డని పట్టేది, బొడ్డు కోసేది, మాయ పూడ్చేది, నెత్తుటి బట్టలు ఉతికేది. తల్లిని, బిడ్డని ముందుగా ముట్టుకున్న చెయ్యి ఆమెదే. మూడో రోజుకి మాత్రం ఆ ఇంట్లో ఆమెకి దొడ్డిదారే. చాటెడు బియ్యం, పాత చీర దూరం నించి కింద పెట్టేవాళ్ళు. చెయ్యి కావాల్సినప్పుడు చెయ్యి, అవసరం తీరాక మైల. పురుళ్ళ పని మైల పనని కిందకులాల ఆడవాళ్ళకి వదిలిపెట్టారు. వాళ్ళు చేశారు కాబట్టి అది మైల పనయ్యింది. రెండు వైపులా తలుపేశారు.

అందుకే ఈ జిల్లాలో మిషను ఆసుపత్రులొచ్చినప్పుడు నర్సు పనికి ముందుకొచ్చింది ఎక్కువగా మన క్రైస్తవ పేటల ఆడపిల్లలు. అన్నా సారా కూగ్లర్ అనే అమెరికా డాక్టరమ్మ 1883లో గుంటూరొచ్చింది. ఆడవాళ్ళకని ఆసుపత్రి కట్టించింది, అది 1898లో తెరిచారు. 1930లో చనిపోయిందాకా ఆమె ఇక్కడే పనిచేసింది. పరాయిదేశపు తెల్ల డాక్టరైనా, తొలి రోజుల్లో పెద్ద కులాల ఇళ్ళల్లో ఆమెను కూడా మైలగానే చూశారు. ఆమెకే అట్లయితే ఆమె పక్కన బేసిను పట్టుకుని నిలబడిన మాలపల్లె పిల్ల సంగతి ఏందో మీరే అనుకోండి. మన నర్సింగ్ చరిత్ర రాసేవాళ్ళు డాక్టరమ్మ పేరు రాస్తారు, ఆ పిల్లల పేర్లు రాయరు. మీ ఇళ్ళల్లో ముసలాళ్ళు ఉంటే అడిగి రాసిపెట్టుకోండి. ఇది మీకు ఇంటిపని.

బాపట్లలో సాల్వేషన్ ఆర్మీవాళ్ళ ఎవాంజలిన్ బూత్ కుష్టు ఆసుపత్రి మీకు తెలుసు. కుష్టు వచ్చిన మనిషిని ఇంట్లోంచి, ఊళ్ళోంచి, చివరికి పేటలోంచి కూడా వెళ్ళగొట్టిన రోజులవి. మనమేం తక్కువ తిన్లేదు, మన పేటలవాళ్ళం కూడా వెళ్ళగొట్టాం. అంటరానివాళ్ళలో అంటరానివాళ్ళని చేశాం. అట్లాంటి మనుషుల పుండ్లు కడిగి కట్టుకట్టిన చేతులు ఉన్నాయి. ఆ రోగం ఊరికే ముట్టుకుంటే రాదు. 1980ల నించి వచ్చిన బహుళ ఔషధ చికిత్సతో పూర్తిగా నయమవుతుంది. అయినా కుష్టు ఉందని భార్యనో భర్తనో వదిలేయొచ్చన్న నిబంధనని పెళ్ళి చట్టాల్లోంచి తీసేయడానికి ఈ దేశానికి 2019 దాకా పట్టింది.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే ఒక వైపే చెప్పినవాళ్ళమవుతాం. అదే సాల్వేషన్ ఆర్మీ చేతికి బాపట్ల పక్కనే ఉన్న స్టూవర్టుపురం సెటిల్మెంటుని 1910లలో తెల్లదొరలు అప్పజెప్పారు. ఎరుకల కుటుంబాలని నేరస్థ తెగలని ముద్రేసి అక్కడ పెట్టి, హాజరు పిలిచి లెక్క చూసుకునేవాళ్ళు. ఒకే సంస్థ, ఒకచోట పుండు కడిగింది, ఇంకోచోట కాపలా కాసింది. సేవ చేసేవాళ్ళు ఎవరి కోసం చేస్తన్నారు, ఎవరి మాట మీద చేస్తన్నారు అన్నది ఎప్పుడూ అడగాల్సిందే. యూనిఫాం తెల్లగా ఉంటే సరిపోదు.

నైటింగేల్ ఫొటో ప్రతి నర్సింగ్ కాలేజీలో ఉంటది. పక్కన సావిత్రీబాయి ఫూలే ఫొటో ఎందుకు ఉండదని అడుగుతున్నాం. 1897లో పూణేలో ప్లేగు వచ్చినప్పుడు కొడుకు యశ్వంత్ డాక్టరు, ఆయనతో కలిసి ఊరి బయట ఆసుపత్రి నడిపింది. ప్లేగు తగిలిన మహర్ పిల్లవాణ్ణి స్వయంగా మోసుకొచ్చింది. ఆ జబ్బే తగిలి మార్చి 10న పోయింది. చదువులతల్లి అంటాం. నర్సు అని ఎందుకనం?

సరే. ఇప్పటిదాకా చెప్పింది వినడానికి మనకి బాగుంటది. తప్పంతా ఎదుటివాళ్ళది కదా. ఇప్పుడు చేదు మాట చెప్తాం, ముందు వరసలో ఉన్న చెల్లెళ్ళు కోపం తెచ్చుకోవద్దు.

మా పేట ఆడవాళ్ళు కాన్పుకి ఆసుపత్రికి పోయి వచ్చి చెప్పేది ఏందంటే, డాక్టరు తిట్టలేదు, సిస్టరు తిట్టింది. “అప్పుడు తెలియలేదా, ఇప్పుడు అరుస్తావా” అంది. తొడ మీద కొట్టింది. “మీ పేటోళ్ళంతా ఇంతే” అంది. ఒకామె చెప్పింది, “ఆ సిస్టరు మనోళ్ళ పిల్లేనంట టీచరుగారూ, చర్చిలో చూశాను.” ఆ మాట విన్నరోజు మాకు అన్నం సయించలేదు.

ఎందుకంటది మన పిల్ల అట్లా? ఒక్క నైట్ డ్యూటీలో ఉండాల్సినదానికన్నా రెండు మూడింతలు రోగులు ఉంటారు, నిజమే. పైన డాక్టరు ఆమెని తిడతాడు, ఆమె కింద ఆయాని, రోగిని తిడతది, నిజమే. అయితే ఇంకోటి కూడా ఉంది. ఆ గదిలో ఆమెకి తన పేట కనపడకూడదు. నేను మీలో దాన్ని కాదని చూపించుకోవాలి. తోటి స్టాఫు ముందు తన కులం బయటపడకుండా, తన కులపామెనే ఎక్కువ తిడతది. ఇది మనకి తెలియని జబ్బు కాదు. మేము ఉద్యోగం వచ్చిన కొత్తల్లో స్టాఫురూములో మా ఊరి పేరు చెప్పేవాళ్ళం, పేట పేరు చెప్పేవాళ్ళం కాదు. మా క్లాసులో మురికి చొక్కాతో వచ్చిన మన పిల్లవాడినే ముందు లేపి నిలబెట్టాం. మా మొఖం మాకే అద్దంలో కనపడ్డాక మానుకున్నాం. అందుకని మేము మీకన్నా గొప్పవాళ్ళమని చెప్పడంలేదు. నొప్పులు పడతా అరిచే ఆడమనిషి తొడ మీద దెబ్బ వేయాలా వీపు మీద చెయ్యి వేయాలా అన్నదే మీ పది మార్కుల ప్రశ్న. జవాబు రాత్రి రెండు గంటలప్పుడు, ఎవరూ చూడనప్పుడు రాస్తారు.

ముంబైలో కె.ఇ.ఎం. ఆసుపత్రి నర్సులు అట్లాంటి జవాబు 42 ఏళ్ళు రాశారు. అరుణా శాన్‌బాగ్ అనే నర్సు మీద 1973 నవంబరులో ఆసుపత్రిలోనే దాడి జరిగింది. మెదడు దెబ్బతిని మంచానికి అంటుకుపోయింది. 2015 మేలో చనిపోయిందాకా ఒక తరం నర్సులు రిటైరై పోతే ఇంకో తరం వచ్చి తిండి పెట్టారు, ఒళ్ళు కడిగారు, పక్కకి తిప్పారు. ఆమెకి ప్రశాంతంగా చావునివ్వాలని ఒక రచయిత్రి సుప్రీంకోర్టుకి పోతే ఆ నర్సులు వద్దన్నారు. 2011లో కోర్టు ఆ నర్సుల మాటే విన్నది. ఎవరు రైటు అన్నది పెద్ద చర్చ, మాలో మాకే ఒప్పుదల లేదు. కానీ మాట్లాడే హక్కు ఎవరికి వచ్చిందో చూడండి. రోజూ ఒళ్ళు తిప్పినవాళ్ళకి వచ్చింది.

ఇక కాగితం సంగతి. మన జనానికి ఆసుపత్రిలో అన్నిటికన్నా భయం కాగితమంటే. ఆ కాగితం మీద వేలిముద్ర వేయించేది డాక్టరు కాదు, నర్సు. “ఇక్కడ పెట్టమ్మా వేలు” అంటది. ఎందుకని అడిగితే “పెట్టకపోతే ఆపరేషను చెయ్యరు” అంటది. రోగి ఇష్టాన్ని గౌరవించడం అనే మొదటి సూత్రం మన దగ్గర ఇంకు డబ్బాలో మునిగిపోయింది.

2009లో ఖమ్మం జిల్లా భద్రాచలం వైపు ఏం జరిగిందో గుర్తు చేస్తాం. గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా టీకా అని పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి సుమారు 14 వేల మంది ఆడపిల్లలకి వేశారు. చాలామంది గిరిజన పిల్లలు, ఆశ్రమ పాఠశాలల హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. కొందరు పిల్లలు చనిపోయారని గొడవయ్యాక 2010 ఏప్రిల్లో ఆపేశారు. ఆ చావులు టీకా వల్లనే అని విచారణలో తేలలేదు, ఆ మాట నిజాయితీగా చెప్పాలి. కానీ 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన రిపోర్టులో ఇంకో సంగతి బయటపడింది. మన రాష్ట్రంలోని 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది తల్లీ కాదు, తండ్రీ కాదు, హాస్టలు వార్డెను. ఇంకో 1,948 మీద వేలిముద్రలే ఉన్నాయి.

మేము బడిపంతుళ్ళం కాబట్టి ఈ సంగతి మాకు ముల్లులా గుచ్చుకుంటది. వార్డెన్లూ మా లాంటివాళ్ళే. పైనించి ఆర్డరొచ్చింది, సంతకం పెట్టారు. సూదివేసిన ఏఎన్ఎం కూడా మీ లాంటి పిల్లే. ఆమె ఒక్కసారి ఆగి “ఈ పిల్ల అమ్మకి తెలుసా?” అని అడిగి ఉంటే? మన పిల్లలకి టీకాలు వేయించొద్దని ఎవరూ అనుకోవద్దు. వేయించండి, ఆ క్యాన్సరు చంపేది మన ఆడవాళ్ళనే. మేము అడిగేది టీకా గురించి కాదు. బీద పిల్ల ఒంటి మీద సంతకం హక్కు ఎవరికుందని అడుగుతున్నాం. పెద్ద కాన్వెంటు స్కూల్లో ప్రిన్సిపాలు సంతకం పెట్టి వేల మందికి సూదులు వేయించగలడా?

మన జిల్లాకే వద్దాం. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళ శాతం దేశంలో అన్నిటికన్నా ఎక్కువ ఎక్కడంటే ఆంధ్రప్రదేశ్‌లో. 15 నించి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 9 శాతం. దేశం మొత్తం మీద 3 శాతం చుట్టూ ఉంది. ఈ సభలో చేతులెత్తమని అడగం, సిగ్గు పడతారు. మీకు తెలుసు. తెల్లబట్ట అవుతందని, నడుము నొప్పని పోతే “సంచి తీసేస్తే పోద్ది, లేకపోతే క్యాన్సరవుద్ది” అన్నారు. ముప్పై, ముప్పై ఐదేళ్ళకి తీసేశారు. తర్వాత కలుపు తీతకి వంగలేక, ఎముకలు నొప్పులు, ఒళ్ళు మంటలు. అవసరంలేని గర్భసంచి ఆపరేషన్ల మీద సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్లో తీర్పిచ్చి రాష్ట్రాలన్నీ నిఘా పెట్టాలంది. ఆపరేషను నిర్ణయం నర్సుది కాదు, ఒప్పుకుంటాం. అయితే ఆ కాగితం చేతిలో పట్టుకుని మంచం దగ్గరికి వచ్చేది ఆమే. “అక్కా, ఇంకో డాక్టరుకి చూపించుకున్నావా? మందులతో తగ్గుద్దేమో అడిగావా?” అనే రెండు మాటలు చెవిలో చెప్పగలిగేది ఆమె ఒక్కతే.

ఇక మా గుండెల్లో ఉన్న సంగతి. 1991 ఆగస్టు 6న చుండూరు. అప్పటికి మేము బళ్ళో చదువుకునే పిల్లలం. తెనాలికి దగ్గరే. ఇప్పుడది బాపట్ల జిల్లాలోకి పోయింది, అప్పుడు గుంటూరు జిల్లా. ఎనిమిది మంది మనవాళ్ళని నరికి చంపారు, కొందరిని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. బతికినవాళ్ళు తెనాలికి పరిగెత్తారు. దేశంలో మొదటిసారి ఘోరం జరిగిన ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నాం. 16 ఏళ్ళ తర్వాత 2007 జూలై 31న తీర్పొచ్చింది, 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. ఎందుకు వదిలేశారంటే, చావు ఎన్నింటికి జరిగింది, ఏ చోట జరిగింది, ఎవరు కొట్టారు అన్నది రుజువు కాలేదన్నారు. బాధితులు సుప్రీంకోర్టుకి పోయారు.

ఈ సభలో చుండూరు ఎందుకంటారా? ఆ తీర్పు చదివిన రోజు నించీ మాకు ఒక మాట అర్థమయ్యింది. టైము. మనవాళ్ళకి న్యాయం జరగడానికీ జరక్కపోవడానికీ మధ్య టైము ఉంది. మన మనిషి దెబ్బలు తిని ఆసుపత్రికొస్తే, ఎన్ని గంటలకి వచ్చాడు, స్పృహలో ఉన్నాడా, ఏం చెప్పాడు, ఎక్కడెక్కడ దెబ్బలున్నాయి అని ఎవరో ఒకరు రాస్తారు. గాయాల సర్టిఫికెట్ డాక్టరు రాస్తాడు. కానీ రోగి రాగానే టైము వేసేది, బీపీ చూసి రాసేది, నెత్తుటి బట్టలు విప్పేది చాలాచోట్ల నర్సే. అట్రాసిటీ కేసులో పరిహారం కూడా ఎఫ్ఐఆర్, వైద్య పరీక్ష రిపోర్టు మీద ఆధారపడి ఉంటది. ఆ రిజిస్టరులో మీరు రాసే ఒక్క వరస, పదేళ్ళ తర్వాత కోర్టులో మాట్లాడుద్ది.

మా చిన్నమ్మ కూతురి సంగతి చెప్తాం. ఊరు, ఆసుపత్రి చెప్పం. ఆమె ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనికి చేరిన రెండో ఏడు. ఒక కూలి మనిషిని రాత్రి తొమ్మిదింబావుకి తెచ్చారు. తల పగిలింది, వీపు మీద కర్ర దెబ్బలు. “రచ్చబండ దగ్గర కొట్టారమ్మా” అని అతను చెప్పాడు. ఆమె టైము వేసి, అతను చెప్పింది చెప్పినట్టు రాసింది. పొద్దున్నే ఊరిపెద్దల కారొచ్చింది. యాజమాన్యం పిలిచి ఆ పేజీ తీసేసి కొత్త పేజీ రాయమంది. పొద్దున ఆరింటికి వచ్చాడని, సైకిలు మీంచి పడ్డాడని.

రాసింది. అవును, మా చెల్లే రాసింది. మూడేళ్ళ తర్వాత మాతో చెప్పి ఏడ్చింది. “అక్కడ నా సర్టిఫికెట్లు వాళ్ళ బీరువాలో ఉన్నాయి. జీతం ఏడు వేలు. నాన్న మంచంలో ఉన్నాడు. ఎవరికి ఫోను చేయాలో కూడా తెలియలేదు” అంది.

దీని మీద మేము చాలా రోజులు ఆలోచించాం. ఆమెని తిట్టడం తేలిక. ఆ కూలి మనిషి కేసు ఏమైందో తలుచుకుంటే ఊరుకోవడమూ కష్టమే. తప్పు జరిగింది, మా ఇంటిమనిషి చేత్తోనే జరిగింది. మీ పుస్తకంలో నైతిక నిర్ణయం అంటే నర్సు ఒక్కతే కూచుని, ఒక పక్క మంచి, ఒక పక్క చెడు పెట్టుకుని తూచుకుంటది. అసలు సంగతి అట్లా ఉండదు. సర్టిఫికెట్లు బీరువాలో తాళం వేసి ఉన్నప్పుడు ఇరవైమూడేళ్ళ పిల్ల ఏం తూచుకుంటది? సుప్రీంకోర్టు 2016లో ప్రైవేటు నర్సుల జీతాల మీద కమిటీ వేయమంది. ఎంత చిన్న ఆసుపత్రైనా నెలకి 20 వేలకి తగ్గకూడదని ఆ కమిటీ సిఫారసు చేసింది. ఈ సభలో ఉన్న పిల్లల్లో ఎంతమందికి అంత వస్తందో మీరే చెప్పండి. కడుపు నిండనివాళ్ళ దగ్గర అబద్ధం రాయించడం సులువని యాజమాన్యాలకి బాగా తెలుసు. జీతం గొడవ వేరు, విలువల గొడవ వేరు అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు.

అందుకని కొన్ని పనులు అనుకున్నాం, నిన్న రాత్రి తెనాలిలో కూచుని. పనిలో చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వొద్దు, జిరాక్సులే ఇవ్వండి. ఇప్పటికే ఇచ్చినవాళ్ళు పేర్లు మాకివ్వండి, అందరం కలిసి పోయి అడుగుదాం, ఒక్కరే పోవద్దు. రాసింది కొట్టేయమంటే కొట్టేయొద్దు. తప్పు రాసి ఉంటే ఒక్క గీత గీసి, పక్కన రైటు రాసి, తారీఖు, టైము, సంతకం పెట్టండి. మీ పాఠంలో కూడా అదే ఉంది. పేజీ చింపమంటే ఆ రాత్రే ఫోను చేయడానికి రెండు నెంబర్లు ఈ సభ అయ్యాక అందరికీ ఇస్తాం, ఒకటి వకీలుది, ఒకటి మాది. మేము ఎత్తుతాం. ఎత్తకపోతే మళ్ళీ చేయండి.

పేటల పెద్దలకి ఒక మాట. దెబ్బలు తగిలిన మనిషిని తీసుకుపోయినప్పుడు పోలీసు కాగితం తెస్తేనే చూస్తామంటే ఒప్పుకోవద్దు. ముందు ప్రాణం కాపాడాలి, తర్వాతే కాగితాలని 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అత్యాచారానికి గురైన ఆడపిల్లకి ప్రైవేటైనా సర్కారైనా ఉచితంగా చికిత్స చేయాలని 2013 నించి చట్టంలో ఉంది. హెచ్ఐవి ఉన్న మనిషి పేరు ఆసుపత్రిలోంచి బయటికి పొక్కనివ్వకూడదని 2017లో చట్టం చేశారు. ఈ చివరిది మన ఆశా అక్కలు కూడా గుర్తుంచుకోవాలి, పంపు దగ్గర మాటల్లో ఎన్ని కాపురాలు కూలినయ్యో మనకి తెలుసు. ఆసుపత్రిలో సిస్టరుతో గొడవ పడేముందు ఆమె పేరు అడగండి. ఆమె మన పిల్లయితే ఇంకా మర్యాదగా అడగండి. “అమ్మా, నువ్వు ఏ ఊరి పిల్లవి?” అని నలుగురిలో అడగొద్దు, ఆమెని ఇబ్బంది పెట్టినట్టవుద్ది.

ఇక్కడ మూడో వరసలో ఒక పెద్దామె ఇందాకటి నించి చెయ్యెత్తుతా ఉంది. మా నాయనమ్మ ఈడు. పురుళ్ళు పోసినామె అని పక్కవాళ్ళు చెప్తన్నారు. మా మాట చాలు, మైకు ఆమెకి ఇవ్వండి. ఆమె చెప్పింది వచ్చే సంచికలో వేద్దాం. వచ్చే నెల మొదటి ఆదివారం బాపట్లలో కలుద్దాం. పేర్లు కొట్టేసిన పాత కేస్ షీట్లు మూడు తెస్తాం, ఎట్లా చదవాలో, ఎట్లా రాయాలో నర్సు పిల్లలే మన పేటలవాళ్ళకి చెప్తారు. వచ్చేటప్పుడు తలా ఒక నోటుబుక్కు తెచ్చుకోండి.